బొలోన్యా పాత కార్ల మేళా: పద్మిని స్పేర్ల కోసం అంత దూరం వెళ్తే గిట్టుబాటవుతుందా?

కర్నూలు_పద్మిని
1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. టింకరింగ్ అయిపోయింది, ఇంజన్ దింపి ఉంది. అక్టోబరు ఆఖర్లో ఇటలీలో జరిగే ‘ఆటో ఎ మోటో దెపోకా’కి వెళ్దామని గట్టిగా అనుకుంటున్నాను. పాదువాలో జరిగేది, 2023 నుంచి బొలోన్యాకి మార్చారు. నాకు కావలసినవి: పిస్టన్లు, రింగులు, వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లు), డోర్ల రబ్బర్లు, ముందు వెనక అద్దాల రబ్బర్లు, హెడ్‌లైట్లు, ముందు బంపర్, కింగ్‌పిన్ సెట్ (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు), వైపర్ లింకేజ్ (వైపర్లని కదిపే కడ్డీలు).
అడిగేవి ఇవీ. మన పద్మిని అంటే ఫియట్ 1100డీయే కదా, 1100డీ అని రాసి ఉన్నది ఏది కొన్నా కూర్చుంటుందా? వీసాకి ఎప్పుడు మొదలెట్టాలి? కొన్న సామాను విమానంలో తేవచ్చా? దీనికంటే ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ షో నయమా?

ఆటోనగర్_అబ్బులు
స్పేర్ల కోసమే అయితే వద్దు. కింగ్‌పిన్లు, బేరింగులు, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు కిట్టు ఇవన్నీ ముంబైలో ఇంకా దొరుకుతున్నాయి. టికెట్టు ఖర్చుతో ఇంజన్ మొత్తం కొత్తగా కట్టుకోవచ్చు. మేళా చూడాలన్న కోరిక ఉంటే వేరే సంగతి, అప్పుడు హాయిగా వెళ్ళండి.

మిల్లెచెంతో
ముందు మొదటి ప్రశ్నకి జవాబు, ఎందుకంటే డబ్బులు పోయేది అక్కడే. కూర్చోదు.
ఇటలీలో 1962 నుంచి 1966 దాకా చేసిన 1100డీ ఇంజన్ 1221 సీసీ, బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 72 మి.మీ. మన ప్రీమియర్ వాళ్ళు బాడీ 1100డీది తీసుకున్నారు గానీ ఇంజన్ మాత్రం 1089 సీసీదే కొనసాగించారు, బోరు 68, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 75. రెంటికీ స్ట్రోకు ఒకటే, బోరు వేరు. కాబట్టి ‘1100డీ పిస్టన్లు’ అన్న డబ్బా తీసుకుంటే అవి మీ బ్లాకులో దిగవు. మీరు అడగాల్సింది 1100/103, అంటే 1100డీ కంటే ముందొచ్చిన 1089 సీసీ ఫియట్, దాని పిస్టన్లు, రింగులు. లేదంటే 1966–69 మధ్య వచ్చిన 1100ఆర్ బండి సామాను, ఆ బండికి మళ్ళీ 1089 సీసీ ఇంజనే పెట్టారు.
బాడీ సామాను దగ్గర మాత్రం 1100డీ అని అడగండి. అద్దాల రబ్బర్లు, డోర్ రబ్బర్లు, గ్రిల్లు, టెయిల్ లైట్లు. ఇంజనుకి 103, బాడీకి డీ. కాగితం మీద రెండు వేరు వేరు జాబితాలు రాసుకోండి, కలపొద్దు.

కర్నూలు_పద్మిని
ఇది తెలియక 1100డీ రింగులకి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టబోయాను. ఆపేశాను.

గుంటూరు_గేరుబాక్స్
@మిల్లెచెంతో 1100ఆర్ ముందు బ్రేకులు డిస్కులు కదా? బ్రేకు సామానుకి ఆర్ అని అడిగితే మోసపోతారు, అది కూడా రాయండి.

మిల్లెచెంతో
అవును, మంచి మాట. 1100ఆర్‌కి ముందు డిస్కులు, మన బండికి నాలుగూ డ్రమ్ములు. గేరు రాడ్డు కూడా ఆర్‌లో కిందకి దిగింది, మనది స్టీరింగ్ కాలమ్ మీదుంటుంది. కాబట్టి ఆర్ నుంచి ఇంజను లోపలి సామాను ఒక్కటే తీసుకోండి.

హైవే_హసీనా
ఎడమ స్టీరింగు సంగతి ఎవరూ ఎత్తలేదే. ఇటలీలో దొరికేవన్నీ ఎడమ చేతి బళ్ళ సామాను. జాబితాలో వైపర్ లింకేజ్ కొట్టేయండి, మన దానికి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. స్టీరింగ్ బాక్సు, కాలమ్ మీది గేరు లింకులు, పెడల్ బ్రాకెట్టు, డాష్‌బోర్డు అన్నీ అంతే. వైపర్ మోటారు, బ్లేళ్ళు, చేతులు విడిగా అయితే చూడొచ్చు.
అన్నిటికంటే ముఖ్యం హెడ్‌లైటు. ఇటలీలో బండి కుడి పక్కన నడుస్తుంది. వాళ్ళ లైటు గ్లాసు మీద గీతలు డిమ్‌లో వెలుగుని కుడివైపు కాస్త పైకి ఎత్తేలా చెక్కి ఉంటాయి, వాళ్ళకి కుడి అంటే రోడ్డు అంచు. అదే గ్లాసు మన దగ్గర పెడితే ఎత్తిన వెలుగు నేరుగా ఎదురొచ్చే వాడి కళ్ళలో పడుతుంది. బల్బు మార్చినా, ఎంత అడ్జస్ట్ చేసినా పోదు, ఎందుకంటే తేడా గ్లాసులోనే ఉంది. మీరు కారెల్లో (ఇటలీ లైట్ల కంపెనీ) క్రోమ్ రిమ్ములు కొనండి, లోపలి గ్లాసు, రిఫ్లెక్టరు ఇక్కడివి వాడండి.

కర్నూలు_పద్మిని
అక్కా, రిమ్ము మనదానికి సరిపోతుందని ఎలా తెలుస్తుంది?

హైవే_హసీనా
మీ పాత రిమ్ము ఒకటి వెంట తీసుకెళ్ళండి. బరువేమీ ఉండదు. స్టాల్లో వాడి రిమ్ము మీద మీది బోర్లించి చూడండి, స్క్రూ పట్టే చెవి, కింద క్లిప్పు రెండూ ఒకే చోట ఉండాలి. ఫోటో చూపిస్తే ప్రతివాడూ ‘అదే, అదే’ అంటాడు.

రాణిగంజ్_రమణ
అబ్బులన్నా, ముంబైల దొరుకుతయ్ అంటున్నవ్ గని అక్కడ టాక్సీలే బందయినయ్. 2023 అక్టోబర్‌తోని పద్మిని కాలీపీలీ ఖతం. టాక్సీ ఉన్నన్ని రోజులు సామాన్ తయారయ్యేది, ఇప్పుడు ఉన్న స్టాకు అమ్ముకుంటుర్రు, అంతే. ఇంక రబ్బర్ల సంగతి జెప్తా: ఇక్కడ దొరికే డోర్ రబ్బరు రెండు ఎండాకాలాలు గూడ ఆగదు, పగుళ్ళిచ్చి పొడి రాలుతది. ఇటలీ రబ్బర్లకే పోవాలె అంటె పోవచ్చు అంట నేను.

ఆటోనగర్_అబ్బులు
రబ్బరు విషయంలో నీతో గొడవ లేదు రమణా. ఇక్కడి డోర్ రబ్బరు నేనూ వేయను. కానీ రబ్బరు కోసం మనిషి వెళ్ళాలా? పార్సిల్లో తెప్పించుకోవచ్చుగా.

మిల్లెచెంతో
రబ్బరు ఒక్కటే చూసి కొనాల్సిన సరుకు. డోర్ రబ్బరు అడ్డకోత ఆకారం ఒక మిల్లీమీటరు మందం ఎక్కువైతే తలుపు పడదు, తక్కువైతే వాన నీళ్ళు లోపలికి. ఫోటోలో అది తెలియదు.
చేయాల్సిందిది: బండి మీదున్న పాత రబ్బరు పాడవకుండా ఉన్న చోట, అంటే సాధారణంగా తలుపు పై మూల దగ్గర, రెండు సెంటీమీటర్ల ముక్క కోయండి. అడ్డకోతకి స్టాంపు ఇంకు రాసి కాగితం మీద అద్దండి. ముక్కని జిప్ కవర్లో, కాగితాన్ని ఫైల్లో. ఒక్కో చోటి రబ్బరుకీ ఇలా, ముందు తలుపు, వెనక తలుపు, డిక్కీ, బానెట్, విండ్‌షీల్డ్. కవరు మీద పేరు, పొడవు రాయండి. పొడవు టేపుతో చూసి పది సెంటీమీటర్లు కలపండి.
ఇంకోటి. ‘ఫోందో ది మగజ్జీనో’ అన్న బోర్డు కనిపిస్తుంది, అంటే వాడకుండా గోడౌన్లో మిగిలిన పాత కాలపు అసలు సరుకు. లోహం అయితే కళ్ళకద్దుకుని తీసుకోండి. రబ్బరైతే ముట్టొద్దు. యాభై ఏళ్ళు డబ్బాలో కూర్చున్న రబ్బరు పైకి నల్లగా మెరుస్తుంది, వంచి చూడండి, మడత దగ్గర సన్నటి గీతలు పడతాయి. కొత్తగా పోసిన రబ్బరే కొనాలి.

కాకినాడ_కార్బ్
వీల్ సిలిండరుకీ ఇదే వర్తిస్తుంది. పాత స్టాకు సిలిండరు కొన్నా లోపలి రబ్బరు కప్పులు పారేసి కొత్తవి వేయాలి. కొనే ముందు దుమ్ము టోపీ తీసి, పిస్టన్ బయటికి లాగి, టార్చి వేసి బోరు చూడండి. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి వాడి దాచిన సిలిండరులో అడుగుభాగాన తుప్పు గుంటలు పడతాయి. గోటికి తగిలిన గుంట హోనింగుతో, అంటే లోపల రాయితో నునుపు చేసినా, పోదు.
సైజు మి.మీ.లోనే అడగండి. 19.05 అంటే ముప్పావు అంగుళం, 22.22 అంటే ఏడు బై ఎనిమిది. ముందు వెనక సైజులు విడివిడిగా కొలిచి రాసుకోండి, వెనక వాటిలో పెద్దది పడితే బ్రేకు కొట్టగానే వెనక చక్రాలు లాక్ అవుతాయి.

గుంటూరు_గేరుబాక్స్
బోరు కొలవకుండా పిస్టన్లు కొనొద్దు అని కూడా చెప్పాలి. 68 అన్నది ఫ్యాక్టరీ కొలత. ఇప్పటికే రెండుసార్లు రీబోరు అయిన, అంటే అరిగిన సిలిండర్లని కాస్త పెద్దగా కోసిన, బ్లాకు అయ్యుండొచ్చు. బోరు గేజితో పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా కొలవాలి. నాలుగు సిలిండర్లకి ఇరవై నాలుగు అంకెలు. వాటిలో అన్నిటికంటే అరిగిన చోటు చూసి, దాన్ని సాఫు చేశాక ఏ ఓవర్‌సైజ్ (ఫ్యాక్టరీ కొలత కంటే పెద్ద పిస్టన్) పడుతుందో మెషిన్ షాపు వాడు చెప్తాడు. ఆ సైజు పిస్టన్లు చేతికొచ్చాకే బోరు కొట్టించాలి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్లు వెతికితే బ్లాకు పోతుంది.

కర్నూలు_పద్మిని
రాసుకుంటున్నాను. బర్మింగ్‌హామ్ సంగతి?

హెరాల్డ్_మూడో_మార్కు
బర్మింగ్‌హామ్ ఎన్‌ఈసీ (అక్కడి ఎగ్జిబిషన్ సెంటరు) షో నవంబరులో, శుక్ర శని ఆది. విమానాశ్రయం, రైలు స్టేషను, హాళ్ళు మూడూ పక్కపక్కనే, తిరగడానికి అంతకంటే సుఖమైనది లేదు. కానీ పద్మినికి అక్కడేమీ లేదు. అది అంబాసిడర్ వాళ్ళకీ, స్టాండర్డ్ హెరాల్డ్ వాళ్ళకీ. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు, 1489 సీసీ బీఎంసీ బీ సిరీస్ ఇంజను. అదే కుటుంబం ఇంజన్లు ఇంగ్లండ్ ఎంజీ స్పోర్ట్స్ బళ్ళలోనూ ఉన్నాయి కాబట్టి గాస్కెట్లు, వాల్వులు అక్కడ ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి.
హెరాల్డ్ వాళ్ళకి ఒక హెచ్చరిక. నాలుగు తలుపుల హెరాల్డ్ మద్రాసులో మాత్రమే చేశారు. దాని వెనక తలుపులు, వాటి రబ్బర్లు ఇంగ్లండ్ మొత్తం గాలించినా దొరకవు, ఎందుకంటే అక్కడ ఆ బండే లేదు. ఇంజను, సస్పెన్షను, ముందు భాగం దొరుకుతాయి. హెరాల్డ్‌ని అక్కడ ట్రయంఫ్ పేరుతో అమ్మారు, ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ వాళ్ళ స్టాండు దగ్గర అడిగితే ఎవరి దగ్గరుందో చెప్తారు.

కృష్ణలంక_అంబీ
అంబాసిడర్ వాళ్ళకి ఎన్‌ఈసీ కంటే సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోనే జరిగే బ్యూలీ ఆటోజంబుల్ (పాత స్పేర్ల సంత) నయం. ఎన్‌ఈసీలో మెరిసే బళ్ళు ఎక్కువ, బ్యూలీలో మైదానం నిండా తుప్పు సామాను. 1967 నుంచి జరుగుతోంది. కావలసింది తుప్పులోనే ఉంటుంది.

హెరాల్డ్_మూడో_మార్కు
ఒప్పుకోను. బ్యూలీ ఆరుబయట, న్యూ ఫారెస్ట్ మధ్యలో. వాన పడితే బురద. దగ్గరి స్టేషను బ్రాకెన్‌హర్స్ట్, అక్కడి నుంచి మళ్ళీ బండి చూసుకోవాలి. మొదటిసారి విదేశం వెళ్ళేవాడికి ఎన్‌ఈసీయే చెప్తాను.

మోడరేటర్
అంబాసిడర్, హెరాల్డ్ మాటలకి వేరే చర్చ తెరవండి. ఇక్కడ బొలోన్యా.

వీసా_వివరం
షెంగెన్ వీసాకి (ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు దాకా దరఖాస్తు పెట్టొచ్చు. అక్టోబరు ఆఖరు అంటే ఏప్రిల్ ఆఖరు నుంచే తలుపు తెరిచినట్టు. వేసవిలో పిల్లల సెలవులకి వెళ్ళేవాళ్ళ రద్దీలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి తేదీ ముందే పట్టుకోండి. ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45, సర్వీసు చార్జీ అదనం.
పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేది. బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, ఉద్యోగమైతే సెలవు పత్రం, వ్యాపారమైతే జీఎస్‌టీ కాగితాలు. మేళా టికెట్టు ఆన్‌లైన్లో కొని దాని ప్రింటు కూడా జతచేయండి. కవరింగ్ లెటర్లో రోజువారీ కార్యక్రమం నాలుగు ముక్కల్లో ఉండాలి, ఏ రోజు ఏ ఊరు, ఏ హోటలు.

చిత్తూరు_చెవీ
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే జర్మనీ వీసా తీసుకోవాలా?

వీసా_వివరం
లేదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. రెండు దేశాల్లో సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. బొలోన్యాలో నాలుగు, మిలన్‌లో రెండు, పారిస్‌లో మూడు అంటే ఇటలీకే. కానీ ఇమిగ్రేషన్ మాత్రం మొదట దిగే షెంగెన్ విమానాశ్రయంలో, అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరుగుతుంది. ఇప్పుడు అక్కడ స్టాంపు బదులు వేలిముద్రలు, ఫోటో తీసే కొత్త పద్ధతి వచ్చింది, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆలస్యం అవుతుంది. కనెక్షన్ విమానానికి గంట మాత్రమే ఉన్న టికెట్టు కొనొద్దు, మూడు గంటలైనా పెట్టుకోండి.
గత మూడేళ్ళలో రెండు షెంగెన్ వీసాలు సరిగ్గా వాడుకున్నవాళ్ళకి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ ఇచ్చే వీలు 2024 నుంచి భారతీయులకి ఉంది. పాతవి ఉంటే కాపీలు జతచేయండి.

మొదెనా_మధు
దారి గురించి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా నేరుగా బొలోన్యాలోనే దిగొచ్చు, ఒక్క మార్పు. లేదా మిలన్‌లో దిగి వేగం రైలు, గంటకి కాస్త అటూ ఇటూ. రోమ్ నుంచి రెండు గంటల పైన. బొలోన్యా విమానాశ్రయం నుంచి మార్కోని ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఏడు నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్లో దింపుతుంది. అక్కడి నుంచి మేళా జరిగే ఫియెరాకి 35 నంబరు బస్సు, నడిచినా అరగంటే.
హోటలు బొలోన్యాలో వెతకొద్దు. మేళా వారం రేట్లు మూడింతలు అవుతాయి. మొదెనాలో గది తీసుకోండి, లోకల్ రైల్లో అరగంట లోపు. ఫెరారా, ఇమోలా కూడా పనికొస్తాయి. హోటల్లో రాత్రికి ఇంతని సిటీ ట్యాక్సు విడిగా కట్టించుకుంటారు, బుకింగ్‌లో కలవదు.
లోకల్ రైలు కాగితం టికెట్టు కొంటే ప్లాట్‌ఫాం మీదున్న మెషిన్లో గుద్దించి ఎక్కాలి. గుద్దకపోతే టికెట్టు ఉన్నా జరిమానా వేస్తారు.
ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మేళా గురువారం నుంచి ఆదివారం దాకా. ఆ ఆదివారం చాలాసార్లు అక్టోబరు చివరి ఆదివారమే అవుతుంది, ఆ తెల్లవారుజామున యూరప్ అంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకీ వాళ్ళకీ తేడా శనివారం మూడున్నర గంటలు, ఆదివారం నాలుగున్నర. ఇంటికి ఫోను, తిరుగు విమానం రెండూ చూసుకోండి.

హైవే_హసీనా
కారు అద్దెకి తీసుకుందామనుకుంటే ఆర్టీవోలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్ళండి, ఏడాది చెల్లుతుంది. కానీ బొలోన్యా నడి ఊర్లోకి తీసుకెళ్ళొద్దు. పాత పట్టణంలోకి బయటి బళ్ళకి నిషేధం, ప్రతి వీధి మొదట్లో కెమెరా. జరిమానా నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా వస్తుంది, వాళ్ళ చార్జీ అదనం.

నెల్లూరు_నూనె
శాకాహారులకి ఏం దారి అక్కడ?

మొదెనా_మధు
జాగ్రత్తగా ఉండాలి. ఆ ప్రాంతం వంటంతా మాంసం మీదే. పైకి పూరీలా కనిపించే క్రెషెంతీనా పంది కొవ్వులో వేయిస్తారు, పిండిలోనూ కలుపుతారు. పర్మిజానో చీజులో దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్ళు అదీ మానాలి. తినగలిగినవి: పాలకూర, రికొత్తా పెట్టిన తొర్తెల్లోని, చీజు వద్దని చెప్పి టొమాటో పాస్తా, మరినారా పిజ్జా. తొర్తెల్లోని పిండిలో గుడ్డు ఉంటుంది, లోపల మామూలుగా పర్మిజానో కూడా కలుపుతారు. ‘సెంజా కార్నె, సెంజా స్త్రుత్తో’ అంటే మాంసం వద్దు, పంది కొవ్వు వద్దు అని. మేళా లోపల ధరలెక్కువ, బ్యాగులో పులిహోరో చపాతీలో ఉంటే మేలు.

రాణిగంజ్_రమణ
లోపల ఎంత పెద్దగ ఉంటది మేళా?

మొదెనా_మధు
పదికి పైగా హాళ్ళు, మొత్తం కలిపి రెండు లక్షల చదరపు మీటర్ల పైనే. అమ్మకానికి పెట్టిన బళ్ళు ఒక వైపు, క్లబ్బులు ఒక వైపు, కంపెనీల స్టాళ్ళు ఒక వైపు, స్పేర్లు ఒక వైపు. ప్లాను మ్యాప్ ముందురోజే దింపుకుని ‘రికాంబి’ అని రాసిన హాళ్ళు గుర్తుపెట్టుకోండి, స్పేర్లంటే అవే. గేటు తెరవగానే నేరుగా అక్కడికి. ఫెరారీలు ఎక్కడికీ పోవు, సాయంత్రం చూడొచ్చు.

కాకినాడ_కార్బ్
గురువారం వెళ్ళాలా ఆదివారం వెళ్ళాలా అన్నదానికి నా లెక్క: అరుదైనవి మొదటిరోజు పొద్దున్నే పోతాయి, వాటిని అమ్మేవాళ్ళే ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు కొనేస్తారు. బంపరు లాంటి బరువైనవి ఆదివారం మధ్యాహ్నం తగ్గుతాయి, తిరిగి వ్యానెక్కించడం వాళ్ళకి బరువు. కాబట్టి గురువారం, ఆదివారం టికెట్లు కొనండి, మధ్య రెండు రోజులు వేరే చూడండి.

మిల్లెచెంతో
ఆదివారం మీద ఆశ పెట్టుకోవద్దు. మధ్యాహ్నం రెండింటికల్లా కొందరు సర్దేస్తారు. గురు, శుక్రవారాలే నా మాట. శుక్రవారం ఎందుకంటే, గురువారం చూసి కొలిచినదాన్ని రాత్రి మెకానిక్‌కి ఫోటో పంపి అడిగి, మర్నాడు కొనొచ్చు.
వెంట ఉండాల్సినవి: వెర్నియర్ కాలిపరు, థ్రెడ్ పిచ్ గేజి, చిన్న అయస్కాంతం, టార్చి, మెత్తటి టేపు, మార్కరు, జిప్ కవర్లు, గట్టి సంచి. వెర్నియరు, గేజి చెకిన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచిలో ఆపుతారు.
పిచ్ గేజి ఎందుకంటే ఫియట్ వాడు ఎం10 (10 మి.మీ.) బోల్టుకి చాలా చోట్ల 1.25 పిచ్ వాడాడు, పిచ్ అంటే మర చుట్ల మధ్య దూరం. మన హార్డ్‌వేర్ షాపులో ఎం10 అంటే 1.5 ఇస్తారు. రెండు చుట్లు బాగానే ఎక్కి తర్వాత బిగుస్తుంది, బలవంతం చేస్తే బ్లాకులో మర పోతుంది. అక్కడ 1.25 బోల్టులు కిలోల లెక్కన అమ్మే స్టాళ్ళు ఉంటాయి. ఎం8, ఎం10 వివిధ పొడవుల్లో యాభై దాకా తెచ్చుకోండి, ఇవి జాబితాలో లేకపోయినా అన్నిటికంటే పనికొచ్చేవి.

గుంటూరు_గేరుబాక్స్
ఇది నూటికి నూరు పాళ్ళు నిజం.

చిత్తూరు_చెవీ
బేరం ఆడొచ్చా? భాష రాకపోతే?

మొదెనా_మధు
ఆడొచ్చు, కానీ సగానికి అడిగితే మొహం తిప్పుకుంటారు. పది పదిహేను శాతం తగ్గిస్తారు, మూడు నాలుగు వస్తువులు ఒకచోట చేర్చి అడిగితే ఇంకాస్త. ‘స్కోంతో’ అంటే తగ్గింపు. ఫాస్చె ఎలాస్తికె రింగులు, గ్వార్నిత్సియోని గాస్కెట్లూ రబ్బర్లూ, చిలింద్రెత్తి ఫ్రెనో వీల్ సిలిండర్లు, పారావుర్తి బంపర్లు. ‘మిల్లెచెంతో చెంతోత్రె’ అంటే 1100/103. కాగితం మీద ఇటాలియన్‌లో రాసి చూపించండి, పక్కన కొలత. మాటకంటే కాగితం పనిచేస్తుంది.
దుకాణాల వాళ్ళు కార్డు తీసుకుంటారు. సొంతానికి దాచుకున్నవి అమ్మే మామూలు మనుషులు నోట్లే అడుగుతారు. 10, 20 యూరోల నోట్లు ఎక్కువ పెట్టుకోండి. మన దగ్గర నుంచి విదేశీ నోట్ల రూపంలో 3,000 డాలర్లకి సమానమైనంతే తీసుకెళ్ళగలరు, మిగతాది ఫారెక్స్ కార్డులో.

ఆటోనగర్_అబ్బులు
బంపరు కొనొద్దని నా సలహా. మన బంపరే తిన్నగా చేయించి క్రోమ్ వేయించుకోవచ్చు.

హైవే_హసీనా
క్రోమ్ ఎక్కడ వేయిస్తారు అబ్బులన్నా, మన్నికగా? రాగి పూత, నికెల్ పూత వేయకుండా నేరుగా క్రోమ్ కొడుతున్నారు, ఆరు నెలలకి తుప్పు మచ్చలు పైకి వస్తాయి. పాత ఇటాలియన్ బంపరు అసలు పూతతో దొరికితే అది వేరు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడాలి, ముందు కాదు. వెనక తుప్పు పొరలు లేస్తున్నాయంటే రేకు పలచబడింది. అయస్కాంతం పెట్టి లాగండి, ఒక చోట పట్టు తగ్గితే అక్కడ లప్పం పూసి పైన వెండి రంగు కొట్టారన్నమాట.

ఆటోనగర్_అబ్బులు
మూడు పూతలూ వేసేవాళ్ళున్నారమ్మా, అడిగి వేయించుకోవాలి, రేటు ఎక్కువ. అయినా బంపరు విమానంలో ఎలా తెస్తారు?

సామాను_శీను
అక్కడికే వస్తున్నా. సాధారణ బ్యాగు లెక్క పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. బంపరు ఒక్కటే అంత పొడవుంటుంది, పెద్ద సైజు చార్జీ పడుతుంది. ఎయిర్‌లైన్‌కి ముందే రాసి అనుమతి తీసుకోవాలి. గాజు సామాను అసలు వద్దు.
బరువు: కొన్ని కంపెనీలు పీసు లెక్క, ఒక్కోటి 23 కిలోలు. కొన్ని మొత్తం బరువు లెక్క. ఏదైనా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే లోడర్లు ఎత్తరు, డబ్బు కట్టినా తీసుకోరు. పిస్టన్లు, కింగ్‌పిన్లు చిన్న పెట్టెలో పెడితే తెలియకుండానే 30 దాటుతుంది, అందుకని రెండు పెట్టెలకి పంచండి, బట్టల మధ్య.
పెట్రోలు వాసన వచ్చేది ఏదీ విమానం ఎక్కదు. వాడిన కార్బురేటరు, ఫ్యూయల్ పంపు, ట్యాంకు ఇవి ప్రమాదకర సరుకు కింద లెక్క. కొంటే అక్కడే పూర్తిగా విప్పి, ఎండబెట్టి, డిటర్జెంటుతో కడిగి, వాసన లేదని తేలాకే ప్యాక్ చేయాలి. అప్పుడు కూడా కౌంటర్లో వద్దనొచ్చు. కొత్త కార్బ్ కిట్టుతో ఇబ్బంది లేదు. స్ప్రే డబ్బాలు, థిన్నరు, పెయింటు, బ్రేకు ఆయిలు డబ్బా పెట్టొద్దు. వాడిన వీల్ సిలిండరులో ఆయిలు మిగలకుండా చూడండి.
మూటలో ఏముందో స్కానర్లో అర్థం కాదు, అందుకని ప్రతి సంచిలో పైన బిల్లు, ‘పాత కారు విడిభాగం’ అని ఇంగ్లీషులో రాసిన చీటీ, బండి ఆర్‌సీ కాపీ పెట్టండి.

కర్నూలు_పద్మిని
కస్టమ్స్?

సామాను_శీను
బిల్లులన్నీ ఒక కవర్లో. ఉచిత పరిమితి దాటితే రెడ్ చానెల్లోకి వెళ్ళి మీరే చెప్పండి, డ్యూటీ కట్టి రసీదు తీసుకోండి. ఒకే వస్తువు ఐదారు సెట్లు తెస్తే వ్యాపారానికి అనుకుంటారు, స్నేహితులకి కూడా తెస్తానని మాట ఇవ్వకండి. బిల్లు ఇవ్వని వాళ్ళ దగ్గర కొన్నప్పుడు చేతిరాతతో అయినా వస్తువు పేరు, ధర, తేదీ, సంతకం తీసుకోండి.
ఇటలీలో జీఎస్‌టీ లాంటి పన్ను వెనక్కి తీసుకునే వీలు 70 యూరోలు దాటిన బిల్లుకి ఉంది, కానీ దుకాణదారు ట్యాక్స్ ఫ్రీ ఫారం ఇస్తేనే. మేళా స్టాళ్ళలో ఇచ్చేవాళ్ళు తక్కువ, పెద్ద రబ్బరు కిట్టు కొంటే అడగండి. ఫారం మీద ముద్ర యూరప్ వదిలే చివరి విమానాశ్రయంలో వేయించాలి, వస్తువు చూపమంటారు కాబట్టి బ్యాగు చెకిన్ చేయకముందే.

నెల్లూరు_నూనె
1978 బండి అంటే యాభై ఏళ్ళు రాబోతున్నాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉంటే మార్పులు ఎక్కువ చేయకండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటేనే వీఏ సిరీస్ నంబరు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ళు చెల్లుతుంది.

కర్నూలు_పద్మిని
దానికోసమే ఇంత పట్టుదల. 1221 ఇంజను మొత్తంగా దొరికితే వేసేద్దామన్న ఆలోచన కూడా ఉండేది, మానేశాను. సవరించిన జాబితా:
ఇటలీలో: 103 రింగులు, పిస్టన్లు (బోరు కొలిచాక), కొత్త రబ్బర్లు అన్ని చోట్లకీ ముక్కలతో సహా, కారెల్లో రిమ్ములు, వీల్ సిలిండర్లు, 1.25 బోల్టులు.
ఇక్కడ: కింగ్‌పిన్లు, హెడ్‌లైటు గ్లాసులు, వైపర్ లింకేజ్, బంపరు క్రోమ్.
గురు, శుక్రవారాలకి టికెట్టు, మొదెనాలో గది. శని, ఆదివారాలు ఏం చేయాలి?

మొదెనా_మధు
మొదెనాలో ఎన్జో ఫెరారీ మ్యూజియం స్టేషను నుంచి నడిచే దూరం. ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మరనెల్లో ఊరికి అక్కడి నుంచి బస్సు. కానీ పద్మిని మనిషికి నేను చెప్పేది తూరిన్. శుక్రవారం రాత్రి రైలెక్కితే రెండున్నర గంటలు. లింగొత్తో చూడండి, ఫియట్ పాత ఫ్యాక్టరీ, పైకప్పు మీద టెస్ట్ ట్రాక్ ఉంది. దానికి దగ్గర్లోనే ఆటోమొబైల్ మ్యూజియం. కాకపోతే గది ఖాళీ చేసి సామానుతో సహా వెళ్ళాలి, బొలోన్యా స్టేషన్లో లగేజీ దాచే చోటుంది, బరువు పెట్టె అక్కడ పెట్టండి.

ఆటోనగర్_అబ్బులు
సరే వెళ్ళండి. పిస్టన్లు వచ్చాక బోరు కొట్టించడానికి బ్లాకు విజయవాడ తీసుకురండి. కింగ్‌పిన్ బుష్షులు నొక్కాక రెండూ ఒకే గీతలో రీమరు (రంధ్రాన్ని కొలతకి సాఫు చేసే పనిముట్టు) కొట్టాలి, విడివిడిగా కొడితే స్టీరింగు బిగుస్తుంది. అది చేసే రీమరు మా షెడ్డులో ఉంది.

గుంటూరు_గేరుబాక్స్
బ్లాకు తీసుకెళ్ళేటప్పుడు మెయిన్ బేరింగ్ క్యాపులు విప్పకుండా, వాటి బోల్టులు బిగించే ఉంచండి. క్యాపులు తారుమారైతే క్రాంకు తిరగదు.

కర్నూలు_పద్మిని
సోమవారం బోరు గేజితో కొలిపిస్తున్నాను. ఇరవై నాలుగు అంకెలూ ఇక్కడే పెడతాను, ఓవర్‌సైజ్ ఏదో చూసి చెప్పండి.